వణుకు ఆగిందని సంబరపడకండి

డాక్టరమ్మ జవాబులు

కిందటి నెల ఉబ్బసం గురించి రాస్తూ చివర్లో ఒక మాట అన్నాను, చలికి మనిషి ప్రాణం పోవడానికి మంచు కురవక్కర్లేదని. ఆ ఒక్క మాటకి వచ్చినన్ని ఉత్తరాలు ఉబ్బసానికి రాలేదు. అందుకని ఈసారి పేజీ మొత్తం చలికే ఇచ్చేశాను. మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పొడుగైంది. ఆ కుర్రాళ్ళు చేసిన పొరపాట్లలో ఒకటి నేనూ చేశాను, అదీ డాక్టరు కుర్చీలో కూర్చుని.

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మేము ఐదుగురం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తాం. జనవరిలో విశాఖ దాకా రైల్లో వచ్చి, అక్కడ బైకులు అద్దెకి తీసుకుని మన్యం తిరిగాం. సాయంత్రం కొత్తపల్లి జలపాతంలో ఆడి, ఆ తడి జీన్స్‌తోనే చీకటి పడ్డాక లంబసింగి బయల్దేరాం. దారిలో మావాడొకడు గజగజ వణికాడు. కాసేపటికి వణుకు ఆగిపోయింది. 'ఇప్పుడు బానే ఉందిరా' అన్నాడు. తీరా దిగాక హెల్మెట్ క్లిప్పు తీసుకోలేకపోయాడు. మాట ముద్దముద్దగా వచ్చింది, ఏది అడిగినా విసుక్కున్నాడు. నెగడు పక్కన కూర్చోబెట్టి, కాళ్ళూ చేతులూ గట్టిగా రుద్ది, రెండు పెగ్గులు బ్రాందీ పట్టించాం. తెల్లారేసరికి మామూలు మనిషయ్యాడు. అసలు అదేమిటి? మేము చేసింది కరెక్టేనా?
— ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: బాబూ, మీవాడికి వచ్చింది హైపోథెర్మియా. ఒంట్లో తయారయ్యే వేడి కన్నా బయటికి పోయే వేడి ఎక్కువై, లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కన్నా, అంటే 95 ఫారన్‌హీట్ కన్నా, కిందికి జారిపోవడం. మీరు చేసినవాటిలో అతన్ని ఒంటరిగా వదలకపోవడం ఒక్కటే కరెక్టు. మిగతావన్నీ తప్పులే. అయినా బతికాడంటే వయసు కాపాడింది.

ముందు తడి గురించి చెప్పాలి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బ్రాందీ ఎన్ని పెగ్గులో రాశారు గానీ, ఆ తడి జీన్స్ ఎప్పుడు విప్పారో ఎక్కడా రాయలేదు. జీన్స్ నూలుబట్ట, అందులోనూ మందం. ఒకసారి నీళ్ళు తాగితే ఓ పట్టాన ఆరదు. ఒంటికి అతుక్కుని వేడిని లాగుతూనే ఉంటుంది. దానికి బైకు మీద గాలి తోడైంది. 8 డిగ్రీల చలిలో 50 కిలోమీటర్ల స్పీడుతో వెళితే, పొడిగా ఉన్న ఒంటికే 3 డిగ్రీల చలిలా తగులుతుంది. తడిసిన ఒంటి సంగతి చెప్పేదేముంది! లంబసింగిని ఆంధ్రా కాశ్మీర్ అంటూ ఫోటోలు తీసుకోవడానికి వెళతాం, కాశ్మీర్‌కి వెళ్ళేవాడు సర్దుకునే బట్టలు మాత్రం సర్దుకోం.

ఇక వణుకు. వణుకు రోగం కాదు, కండరాలు గబగబా కదిలి వేడి పుట్టించే ఏర్పాటు. గజగజ వణుకుతూ, మీరు అడిగినదానికి తిన్నగా జవాబు చెప్తున్నవాడి గురించి నాకు బెంగ లేదు. వాడి ఇంజను నడుస్తోంది. లోపలి వేడి 32 డిగ్రీల దరిదాపులకి, అంటే 90 ఫారన్‌హీట్‌కి, దిగేసరికి వణుకు సన్నగిల్లుతుంది. ఇంకా దిగితే ఆగిపోతుంది. బయట వెచ్చబడకుండానే వణుకు ఆగిందంటే ఇంజనులో ఆయిల్ అయిపోయిందన్నమాట. మీవాడు 'బానే ఉందిరా' అన్న క్షణమే అసలు ప్రమాదం. ఆ మాట అన్నది చల్లబడిన మెదడు. క్లిప్పు తీయలేని చెయ్యి చెప్పిందే నిజం.

నేనూ ఇలాగే మోసపోయాను. తొంభైల మాట. అప్పటికి అదంతా విశాఖ జిల్లానే, నేను మన్యంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరాను. డిసెంబరులో ఒక తెల్లవారుజామున డోలీలో ఒక పెద్దాయన్ని మోసుకొచ్చారు. సంత నుంచి ఇంటికెళుతూ గెడ్డ దాటుతుంటే కాలు జారిందట. తడిసిన పంచె, తడిసిన గొంగళితోనే రాత్రంతా గట్టు మీద ఉండిపోయాడు. థర్మామీటరు పెట్టాను. పాదరసం అడుగు నుంచి కదల్లేదు. 'ఇది పోయిందమ్మా' అంటూ మా నర్సమ్మ ఇంకోటి తెచ్చింది. అదీ అంతే. మూడోది విదిలించి విదిలించి పెట్టాను. గాజు గొట్టం మీద మొదటి గీత 94. ఆయన ఆ గీతకి చాలా కింద ఉన్నాడన్న ఆలోచనే నాకు రాలేదు. మూడు థర్మామీటర్లూ ఒకేసారి ఎలా పాడవుతాయన్న ఆలోచనా రాలేదు. పైగా 'వణుకు లేదు' అని కేస్ షీట్‌లో అదేదో మంచి లక్షణంలా రాసుకున్నాను.

చల్లగా ఉన్నాడు కదా, వేడి పెడదామని ఖాళీ సెలైన్ సీసాల్లో వేడినీళ్ళు పోయించి పిక్కల పక్కన పెట్టించాను. అప్పట్లో గాజు సీసాలు. గుడ్డ చుట్టమని చెప్పలేదు. నా చేతికి ఆ వేడి ఓర్చుకునేంతే అనిపించింది మరి. చల్లబడి మొద్దుబారిన చర్మానికి కాలుతున్న సంగతే తెలియదని, రక్తం ఆడని చోట కొద్దిపాటి వేడికే చర్మం ఉడికిపోతుందని పుస్తకంలో చదివే ఉన్నాను. ఆయన బతికాడు. పిక్క మీద కాలిన పుండు మానడానికి మాత్రం రెండు నెలలు డ్రెస్సింగ్ చేశాం. ఆ తర్వాత కూడా సంతకొచ్చినప్పుడల్లా గుప్పెడు రాజ్మా పట్టుకొచ్చి, పంచె పైకెత్తి మచ్చ చూపించేవాడు. 'డాక్టరమ్మ నన్ను ఉడకేసిందర్రా' అని అందరికీ చెప్పి నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు.

కాబట్టి ఇంకోసారి ఇలా జరిగితే మొదట గాలి తగలని చోటికి చేర్చండి. గోడ చాటు, కారు, టీ బడ్డీ లోపలైనా సరే. ఉత్త నేల మీద పడుకోబెట్టకండి, కిందనుంచి లాగే చలి పైన ఎన్ని రగ్గులు కప్పినా ఆగదు. ముందు కింద పరవండి, తర్వాత పైన కప్పండి. తడిబట్టలు తీసేయండి, విప్పడానికి ఒళ్ళు అటూఇటూ కుదపాల్సి వస్తే కత్తెర వేయండి. జీన్స్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఒళ్ళు తుడిచి, తలా మెడా కూడా కప్పి, రగ్గుల పైన గాలి దూరకుండా ప్లాస్టిక్ పట్టా చుట్టండి. కొండ మీద అందరిళ్ళలోనూ ధాన్యం మీద కప్పే బరకం ఉంటుంది, అడిగితే ఇస్తారు. ముఖం మాత్రం వదిలి మిగతా మనిషిని పొట్లం కట్టేయడమే.

వేడి పెట్టాల్సింది మొండేనికి: ఛాతీ, చంకలు, వీపు. వేడినీళ్ళ సీసాకి తువ్వాలు చుట్టి పెట్టండి, చర్మానికి నేరుగా ఆనించకండి, ఐదు నిమిషాలకోసారి చర్మం ఎర్రబడుతోందేమో చూస్తుండండి. కాళ్ళూ చేతులూ ముందు వెచ్చబెట్టకూడదు, రుద్దనే కూడదు. ఒళ్ళు చల్లబడ్డప్పుడు గుండె చాలా చిరాకుగా ఉంటుంది. మనిషిని గట్టిగా కుదిపినా లయ తప్పవచ్చు, 28 డిగ్రీల కిందికి పోతే మరీను. అందుకే వణుకు ఆగినవాడిని లేపి నడిపించకూడదు, పడుకోబెట్టే మోయాలి, అదీ గాజుసామాను మోసినట్టు. వేడినీళ్ళ స్నానం అసలే వద్దు.

పూర్తి తెలివిలో ఉండి మింగగలిగితే పంచదార దండిగా వేసిన వెచ్చని టీ, పాలు, రాగిజావ, ఏదైనా ఇవ్వండి. టీలో వేడి కన్నా అందులోని పంచదారే ముఖ్యం, వణకడానికి ఇంధనం అదే. మగతగా ఉంటే చుక్క కూడా పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బ్రాందీ తాగితే వెచ్చగా అనిపించడం నిజమే. లోపల దాచుకున్న వేడి రక్తంతోపాటు చర్మం మీదికి వచ్చి గాలిలో కలుస్తుంది, ఆ దారిలో తగిలే వెచ్చదనం అది. వణుకు కూడా తగ్గిస్తుంది. ఇల్లు వెచ్చబెట్టడానికి తలుపులు బార్లా తీసినట్టు.

మాట తడబడినా, వణుకు ఆగినా 108కి ఫోన్ చేయాల్సిందే, తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. ఇంకోటి, చలిగా ఉందని టెంటులోగానీ మూసిన గదిలోగానీ బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకునేరు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. నిద్రలోనే తీసుకుపోతుంది.

ప్రశ్న: అమ్మా, మా బిడ్డకు నెలలు నిండకుండానే కాన్పు అయింది. మనవరాలు ఇప్పుడు 1.9 కిలోలు. దవాఖాన నుంచి ఇంటికి పంపించిన్రు. నర్సమ్మ పిల్లను ఎప్పుడూ తల్లి రొమ్ము మీదనే కట్టుకోమన్నది, స్నానం పోయొద్దన్నది. నేను నలుగురిని కని పెంచిన. వేణ్ణీళ్ళు పోసి, సాంబ్రాణి వేస్తేనే కదా పిల్లకు వెచ్చగుంటది? మా దిక్కు చలి ఎక్కువ.
— ఒక అమ్మమ్మ, ఆసిఫాబాద్ దగ్గర

జవాబు: అమ్మా, నలుగురిని పెంచిన చేయి మీది, కాదనను. ఈ పాప విషయంలో మాత్రం నర్సమ్మ మాటే వినండి. పెద్దవాళ్ళలా పసిపిల్లలు వణకలేరు. మెడ వెనకా భుజాల మధ్యా ఉండే ఒక రకం గోధుమరంగు కొవ్వును కరిగించుకుని వేడి పుట్టించుకుంటారు. నెలలు నిండని పాపకి ఆ కొవ్వు కొంచెమే ఉంటుంది. ఒంటితో పోలిస్తే తల పెద్దది, చర్మం పల్చన. నీళ్ళు వెచ్చగానే ఉంటాయి, కానీ తడి ఒంటితో పైకి తీసిన ఆ అర నిమిషంలో పోయే వేడిని పాప మళ్ళీ సంపాదించుకోలేదు. మామూలు బరువుతో పుట్టిన బిడ్డకే మొదటి 24 గంటలు స్నానం వద్దంటారు. మీ పాప పాలు బాగా తాగుతూ బరువు పెరిగి, డాక్టరు సరే అనేదాకా వెచ్చని తడిగుడ్డతో కొంచెం కొంచెంగా తుడిచి, వెంటనే ఆరబెట్టండి చాలు. సాంబ్రాణి పొగ ఆ చిన్న ఊపిరితిత్తులకి మంచిది కాదు.

రొమ్ము మీద కట్టుకోవడాన్ని కంగారూ పద్ధతి అంటారు. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో, పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ పెట్టెలు సరిపోని ఆసుపత్రిలో మొదలైంది. లేమికి పుట్టిన ఉపాయం. ఇప్పుడు పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో కూడా చేయిస్తున్నారు. పాపకి టోపీ, డైపరు, సాక్సు తప్ప ఇంకేమీ లేకుండా, తల్లి చర్మానికి ఆనించి, రెండు రొమ్ముల మధ్య నిలువుగా, ముఖం ఒక పక్కకి తిప్పి, ముక్కుకి ఏదీ అడ్డం రాకుండా కట్టాలి. పైన తల్లి చీరా శాలువా. రోజులో ఎన్ని గంటలు వీలైతే అన్ని గంటలు.

పాపకి చల్లబడిందో లేదో మీ చెయ్యే చెప్తుంది. మీ అరచేతి వెనక భాగాన్ని పాప పొట్టకి ఒకసారి, పాదానికి ఒకసారి ఆనించండి. రెండూ వెచ్చగా ఉంటే నిశ్చింత. పొట్ట వెచ్చగా, పాదం చల్లగా ఉంటే చలి తగులుతోంది, వెంటనే రొమ్ముకి కట్టండి. రెండూ చల్లగా ఉంటే హైపోథెర్మియా, అలా కట్టుకునే దవాఖానకి బయల్దేరండి. పాలు చీకడం మానేసినా, ఏడుపు సన్నబడినా, ఒళ్ళు వేలాడేసినా అంతే. బుగ్గలు ఎర్రగా ఉన్నాయని మోసపోకండి, బాగా చల్లబడ్డ పసిపిల్లలకి ఒక్కోసారి బుగ్గలు ఎర్రగానే ఉంటాయి.

ఇంకో సంగతి. తల్లి స్నానానికీ తిండికీ లేచినప్పుడు పాపని అలా గుండెకి కట్టుకునే పని అమ్మమ్మ చేయొచ్చు. తండ్రీ చేయొచ్చు.

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్ళు. షుగరు, థైరాయిడ్ ఉన్నాయి. మాది నిర్మల్ జిల్లాలో పల్లెటూరు. ఎంత చెప్పినా వరండాలోనే నిద్ర. సంక్రాంతి ముందు రెండ్రోజులు ఎప్పుడూ మగతగా ఉన్నారు, అన్నం సరిగా తినలేదు. డిజిటల్ థర్మామీటరు పెడితే నంబరు రాలేదు, 'లో' అని వచ్చింది. ఆర్‌ఎంపీ గారు జ్వరం లేదు, భయం లేదన్నారు. మూడో రోజు పట్నం ఆసుపత్రికి తీసుకెళితే ఒంటి వేడి పడిపోయిందని ఐసీయూలో పెట్టారు. ఇంటి పట్టున ఉన్న మనిషికి, మంచులేని ఊళ్ళో ఇలా అవుతుందా?
— పేరు వద్దు

జవాబు: అవుతుంది. మనకి కనిపించే కేసుల్లో ఎక్కువ మంది మీ నాన్నగారిలాంటివాళ్ళే.

మన భాషలోనే చిక్కుంది చూడండి. 'చల్లగా ఉండు నాయనా' అని దీవిస్తాం. కడుపు చల్లగా ఉండాలంటాం. ఎండదెబ్బలకి చచ్చిపోయే నేల మనది, వేడంటేనే భయం. ఒళ్ళు కాలితే ఇల్లంతా హడావుడి, ఒళ్ళు చల్లగా ఉంటే 'హమ్మయ్య' అనుకుంటాం. థర్మామీటర్ 'లో' అందంటే జ్వరం లేదని కాదు. నేను కొలవగలిగినదానికన్నా కింద ఉంది, నాకు అందట్లేదు అని. నా గాజు థర్మామీటర్ల కన్నా అది నయం, కనీసం నోరు తెరిచి చెప్పింది.

వయసు మీద పడితే కండ తగ్గుతుంది, వణుకు బలంగా రాదు, చలి వేస్తోందన్న తెలివిడి కూడా మందగిస్తుంది. 'మీకు చలేస్తోందా' అని అడిగితే లేదనే అంటారు, అబద్ధం కాదు. థైరాయిడ్ తక్కువైతే ఒంట్లో పొయ్యే సన్నగా మండుతుంది. షుగరు పడిపోతే పొయ్యిలోకి కట్టెలు లేనట్టు. నిద్రమాత్రలు వేసుకునే అలవాటుంటే ఇంకా సులువుగా చల్లబడతారు. ముసలివాళ్ళకి ఒంట్లో పెద్ద ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు జ్వరం రావాల్సింది పోయి వేడి పడిపోవడం కూడా ఉంది. అందుకే ఆసుపత్రిలో ఉత్త రగ్గు కప్పి ఊరుకోకుండా షుగరు, థైరాయిడ్, రక్తపరీక్షలన్నీ చేసి ఉంటారు.

ఆర్‌ఎంపీ గారిని తిట్టుకోకండి, నేను చదువుకుని కూడా అదే తప్పు చేశాను. నాన్నగారిని వరండాలోంచి లోపలికి మార్చడం మీవల్ల కాకపోతే మంచం కింద గాలి ఆడకుండా గోనెపట్టాలు కట్టండి, పరుపు కింద ఒక బొంత వేయండి, తలకి మఫ్లర్, కాళ్ళకి ఉన్ని సాక్సు, పడుకునేముందు ఏదో ఒకటి తినిపించండి. పొద్దున్నే లేపేటప్పుడు మీ చెయ్యి రగ్గు లోపల ఆయన పొట్ట మీద పెట్టి చూడండి. అక్కడ చల్లగా తగిలితే ఆలస్యం చేయొద్దు.

ప్రశ్న: నేను గురుకులంలో ఇంటర్ చదువుతున్నాను. పూర్ణ అక్కలాగా పర్వతాలు ఎక్కాలని ఉంది. కొండ మీద తోటివాళ్ళకి హైపోథెర్మియా వస్తోందని ముందే ఎలా కనిపెట్టాలి?
— ఒక విద్యార్థిని, భువనగిరి

జవాబు: తల్లీ, మంచి ఊళ్ళోనే ఉన్నావు. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు తొలి పాఠాలు నేర్చుకున్నది మీ భువనగిరి కొండ మీదే. అప్పటికి పూర్ణకి 13 ఏళ్ళు.

నేను మన్యానికి వచ్చే పిల్లలకి తడబాట్లు లెక్కపెట్టమని చెప్తాను. చెయ్యి తడబడుతుంది: జిప్పు, లేసు, క్లిప్పు పట్టు దొరకవు. మాట తడబడుతుంది. కాలు తడబడుతుంది. చివరికి బుద్ధి తడబడుతుంది: ఊరికే కోపం, లేదా 'నన్ను వదిలేసి మీరెళ్ళండి' అనడం. అనుమానం వస్తే బొటనవేలిని చిటికెనవేలికి ఆనించమను. నేల మీద గీత గీసి, మడమకి బొటనవేలు తగిలేలా పది అడుగులు వేయమను. చేయలేకపోతే ఆ రోజుకి ఎక్కడం ఆపేయడమే, శిఖరం పదడుగుల్లో ఉన్నా సరే. ఎవరికి వాళ్ళు ఇది కనిపెట్టలేరు, మొదట చెడేది ఆ కనిపెట్టే మెదడే కదా. అందుకే జంటలుగా వెళ్ళాలి.

ఇంకో విచిత్రం విని ఉంచుకో. బాగా చల్లబడినవాళ్ళు కొందరు ఉన్నట్టుండి ఉడికిపోతోందంటూ బట్టలు విప్పేసుకుంటారు. బిగుసుకున్న రక్తనాళాలు పట్టు వదిలేసి, వేడి రక్తం ఒక్కసారిగా చర్మానికి వచ్చేస్తుందని, అందుకే అలా అనిపిస్తుందని అంటారు. పిచ్చి పట్టిందనో తాగారనో అనుకుని వదిలేయకు. చివరి దశ అది. ఎన్ని తిట్లు తిట్టినా బట్టలు కప్పాల్సిందే.

ప్రశ్న: మావారు కాకినాడలో బోటు మీద వేటకెళతారు. మన సముద్రం నీళ్ళు వెచ్చగానే ఉంటాయి కదా, నీళ్ళలో పడితే ఈ జబ్బు వస్తుందా?
— ఒక సోదరి, ఉప్పాడ

జవాబు: వస్తుందమ్మా, ఆలస్యంగా వస్తుంది. బంగాళాఖాతం నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నా మన ఒంటి 37 డిగ్రీల కన్నా తక్కువే. గాలి కన్నా నీళ్ళు పాతిక రెట్లు వేగంగా వేడిని లాక్కుంటాయి. కాబట్టి మంచు సముద్రంలో గంటలో జరిగేది ఇక్కడ రాత్రంతా నీళ్ళలో ఉంటే జరుగుతుంది. లైఫ్ జాకెట్ ఉంటే ఈదకుండా, మోకాళ్ళు ఛాతీకి లాక్కుని చేతులు కట్టుకుని తేలుతూ ఉండాలి. ఇద్దరు ముగ్గురుంటే ఒకరినొకరు కరుచుకుని ఉండాలి. పైకి లాగాక వెంటనే నిలబెట్టొద్దు. నీళ్ళ ఒత్తిడి పోయేసరికి బీపీ పడిపోయి, అప్పటిదాకా మాట్లాడుతున్నవాళ్ళు కూడా బోటులో కుప్పకూలిపోతారు. పడుకోబెట్టే ఉంచి, బట్టలు మార్చి, కప్పాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఎం.ఎస్. చదవడానికి చికాగో వెళ్ళాడు. అక్కడ మైనస్ 20 అంటున్నాడు. నాకు ఒకటే టెన్షన్. ఏం చెప్పమంటారు?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: పార్టీలో తాగి, కోటు అక్కడే వదిలేసి, నాలుగు అడుగులే కదా అని నడిచి రావద్దని చెప్పండి. తాగినవాడికి చలి తెలియదు. మంచులో కారు ఇరుక్కుపోతే సాయం వచ్చేదాకా కారు వదిలి వెళ్ళొద్దు. గంటకి పది నిమిషాలు ఇంజను వేసుకోవచ్చు, కానీ ముందు పొగగొట్టం చుట్టూ మంచు తీసేసి, అద్దం కొంచెం దించి వేయాలి. కారులో ఒక రగ్గు, నాలుగు చాక్లెట్లు, ఫోన్ ఛార్జరు పెట్టుకోమనండి. అత్యవసరం నంబరు 911. మీరు కట్టిచ్చిన సున్నుండలు మిగిలుంటే చాక్లెట్ల కన్నా అవే మేలు.

ప్రశ్న: మంచులో గడ్డకట్టి చనిపోయినవాళ్ళు మళ్ళీ లేచారని మా స్టాఫ్‌రూములో ఒక మాస్టారు వాదిస్తున్నారు. నేను సైన్సు చెప్తాను, నమ్మలేకపోతున్నాను. మీరేమంటారు?
— ఒక ఉపాధ్యాయుడు, పాడేరు

జవాబు: మాస్టారూ, చనిపోయినవాళ్ళు లేవరు. చనిపోయారని మనం పొరబడ్డవాళ్ళు లేస్తారు.

1999 మే నెలలో నార్వేలో నార్విక్ దగ్గర, అన్నా బోగెన్‌హోమ్ అనే స్వీడన్ డాక్టరు మంచు మీద స్కీయింగ్ చేస్తూ గడ్డకట్టిన వాగులో పడిపోయింది. మంచుపలక కింద 80 నిమిషాలు ఇరుక్కుపోయింది. గాలి బుడగ దొరకడంతో అందులో సగం సేపు కదులుతూనే ఉంది, తర్వాత గుండె ఆగింది. ట్రోమ్సో ఆసుపత్రికి హెలికాప్టర్‌లో తెచ్చేసరికి ఒంటి లోపలి వేడి 13.7 డిగ్రీలు. రక్తాన్ని బయటికి తీసి యంత్రంతో వెచ్చబెట్టి మళ్ళీ ఎక్కిస్తూ గంటల తరబడి కష్టపడ్డారు. బతికింది. చేతుల్లో నరాల ఇబ్బంది కొంత మిగిలింది గానీ, తర్వాత అదే ఆసుపత్రిలో రేడియాలజిస్టుగా పనిచేసింది. మెదడు ముందే చల్లబడిపోతే దానికి కావలసిన ఆక్సిజన్ చాలా తగ్గిపోతుంది, అందుకే అంతసేపు తట్టుకుంది. ఒళ్ళు చల్లబడకముందే ఊపిరాడక పోయినవాళ్ళకి ఈ అదృష్టం ఉండదు. అందరూ ఆమెలాగే లేస్తారని మీ స్టాఫ్‌రూములో చెప్పకండి.

చల్లబడ్డ మనిషి నాడి నిమిషానికి పదిసార్లే కొట్టుకోవచ్చు, ఊపిరి ఎప్పుడో ఒకసారి రావచ్చు. మామూలుగా పది సెకన్లు చూసేచోట ఇక్కడ పూర్తి నిమిషం చూడాలి. నాడీ ఊపిరీ ఏదీ దొరక్కపోతే సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి ఊదడం, మొదలుపెట్టి ఆసుపత్రికి చేర్చాలి. వెచ్చబెట్టాక కూడా గుండె కదలకపోతేనే పోయారని చెప్పాలన్నది మా వైద్యంలో పాత నియమం.

మన తెలుగులో 'చల్లబడిపోయాడు' అంటే అర్థం మీకు తెలుసు. ఇందాక చెప్పిన డోలీ పెద్దాయన గురించి కూడా ఊళ్ళో ఆ మాటే అనేశారట. కళ్ళు తెరవలేదు, చెయ్యెత్తితే పడిపోతోంది, ఇంక అంత దూరం మోసి ఏం లాభమని. కొడుకు ఒప్పుకోలేదు. ఇంట్లో గడ్డం గీసుకునే అద్దం ముక్క ఒకటి ఉంటే తెచ్చి తండ్రి ముక్కు కింద పెట్టాడు. చాలాసేపు ఏమీ లేదట. చుట్టూ ఉన్నవాళ్ళు పోదాం పదమంటుంటే అద్దం మీద రూపాయి బిళ్ళంత మసక పట్టింది. ఆ అద్దం ముక్కని జేబులో వేసుకునే డోలీ మోశాడు. మా మందుల బల్ల మీద పెట్టి, 'చూడమ్మా, ఇక్కడ పట్టింది' అని వేలితో చూపించాడు. అప్పటికి అద్దం మీద ఏమీ లేదు.